అక్షరం దగ్గర ఆగిపోయే పిల్లలు



ఈరోజు డిస్‌లెక్సియా గురించి మాట్లాడుకుందాం. తెలివికి లోటుండదు. చూపూ వినికిడీ బాగానే ఉంటాయి. రోజూ బడికి వెళ్తూనే ఉంటారు. అయినా కొందరు పిల్లలకు చదవడం మాత్రం పట్టుబడదు. అదే డిస్‌లెక్సియా. మనలో చాలామందికి ఈ మాట 2007 డిసెంబరులో విడుదలైన ‘తారే జమీన్ పర్’ సినిమాతో తెలిసింది. ఆమిర్ ఖాన్ తీసిన ఆ సినిమా చేసిన మేలు చిన్నది కాదు. అయితే అందులో పిల్లవాడు ముంబయిలో ఇంగ్లీషు బడిలో చదువుతాడు. అందువల్లనో ఏమో, ఇది పట్నాల్లో ఇంగ్లీషు మీడియం పిల్లలకు వచ్చే ఇబ్బంది అనే అభిప్రాయం మన దగ్గర పాతుకుపోయింది. “తెలుగులో ఆ గొడవ ఎక్కడిదండీ, పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం కదా” అని ఉపాధ్యాయులే నాతో అంటూ ఉంటారు. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పడమే నా పని. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఆ మాట సరికాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

పలికినట్టే రాస్తాం, నిజమే. పలికిన వరసలోనే రాస్తామా? ‘శక్తి’ అనే మాటను నెమ్మదిగా పలికి చూడండి. ముందు ‘శ’, తర్వాత ‘క్’, ఆ తర్వాత ‘త్’, అన్నిటికంటే చివర ‘ఇ’. ఇప్పుడు అదే మాట పలక మీద రాయండి. గుడి ఎక్కడ పెట్టారు? త మీద పెట్టలేదు, క మీద పెట్టారు. చెవికి చివర వినిపించిన ‘ఇ’ చేతికి ముందే వచ్చేసింది. మధ్యలో వినిపించిన త ఏమో వత్తుగా మారి కిందికి దిగింది. బడిలో మనం నేర్పేదీ అలాగే. కకు గుడిస్తే కి, కికి తవత్తిస్తే క్తి. ఇక ‘స్త్రీ’ సంగతి చూడండి. సకు గుడిదీర్ఘమిస్తే సీ, దానికి తవత్తిస్తే స్తీ, దానికి రవత్తిస్తే స్త్రీ. నోరు పలికే వరస ఒకటి, చెయ్యి రాసే వరస మరొకటి. ‘కై’ రాయాలంటే ఐత్వం సగం తల మీద, సగం అడుగున. ఇవన్నీ మనకు ఎంత అలవాటైపోయాయంటే, ఇందులో కష్టమేముందో మనకు కనిపించడం మానేసింది.

చాలామంది పిల్లలు ఈ మెలికలన్నీ నెమ్మదిగానైనా దాటేస్తారు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. ‘శక్తి’ని ‘శకితి’ అనో ‘శత్కి’ అనో రాస్తారు. ‘కమలం’ని ‘కలమం’ అని చదువుతారు. మకీ యకీ, పకీ షకీ, బకీ భకీ తేడా ఇవాళ చెప్తే రేపటికి ఉండదు. ఆరేళ్ల పిల్లలు ఎవరైనా ఇలాంటి తప్పులు చేస్తారు, దానికి కంగారు పడనక్కర్లేదు. మూడో తరగతి దాటినా అవే తప్పులు అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

మన లిపిలో నేర్చుకోవలసింది కూడా ఎక్కువే. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు. మనకు యాభై ఆరని చెప్పుకుంటాం గానీ, గుణింతాలూ వత్తులూ కలుపుకుంటే పిల్లవాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి బాగా దగ్గరిది కన్నడ లిపి. కన్నడ పిల్లల చదువు మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఇంగ్లీషు పిల్లలు మొదటి ఒకటి రెండేళ్లలో అక్షరాలు పూర్తిచేస్తుంటే, ఇక్కడి పిల్లలకు నాలుగో తరగతిలో కూడా అక్షరాలు ఇంకా కుదురుకుంటూనే ఉన్నాయని ఆ పరిశోధనలో తేలింది. అంటే ఏ ఇబ్బందీ లేని పిల్లలకే అంతకాలం పడుతుందన్నమాట. ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ గుంపులో కలిసిపోతారు. “వాడే నేర్చుకుంటాడులే” అంటూ ఉండగానే అయిదో తరగతి వచ్చేస్తుంది. ఆరులో హిందీ మొదలవుతుంది. మొదటి లిపే నిలవని పిల్లవాడి నెత్తిన మూడు లిపులు పడతాయి.

ఇంకో విషయం. రాసినట్టే చదివే భాషల్లో ఈ ఇబ్బంది తప్పుల రూపంలో కంటే నెమ్మది రూపంలో ఎక్కువగా బయటపడుతుంది. జర్మన్ అలాంటి భాష. ఆ భాష చదివే పిల్లలను హైంజ్ విమ్మర్ అనే పరిశోధకుడు పరీక్షించి 1993లో ఇదే రాశాడు. ఆ పిల్లలు చాలావరకు సరిగ్గానే చదివారు, కానీ విపరీతంగా ఆలస్యంగా చదివారు. మన పిల్లల్లోనూ నేను చూసేది ఇదే. అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కుంటూ, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. తప్పు చదవలేదు కాబట్టి మాస్టారు పట్టించుకోరు. అర్థం మాత్రం ఎక్కడో జారిపోయింది.

మా దగ్గరికి వచ్చిన ఒక నాలుగో తరగతి అబ్బాయి సంగతి చెప్తాను. వాళ్లమ్మ నోటుపుస్తకాలన్నీ సంచిలో పెట్టుకుని తెచ్చింది. గుండ్రటి చేతిరాత. చూచిరాతలో ఒక్క తప్పు లేదు. “ఇంత బాగా రాస్తాడు కదా మేడమ్, పరీక్షలో మార్కులెందుకు రావు? కావాలనే చేస్తున్నాడంటారు వాళ్ల నాన్న” అంది. తెలుగు వాచకం తీసి చదవమన్నాను. గడగడా చదివేశాడు. అయితే వేలు రెండో లైను మీద ఉంది, నోరు నాలుగో లైనులో ఉంది. వాళ్లక్క ఇంట్లో పైకి చదువుతుంటే విని పాఠమంతా నోటికి పట్టేశాడన్నమాట. అదే పాఠంలోని ‘వర్షం’ అనే మాట విడిగా ఒక కాగితం మీద రాసి చూపించాను. చాలాసేపు చూశాడు. “వానా అండీ?” అన్నాడు. మొదటి అక్షరం వ అని తెలిసింది, పాఠం వానల గురించని గుర్తుంది, మిగిలింది ఊహించాడు. పది మాటలు ఉక్తలేఖనం చెప్తే వత్తున్న మాట ఒక్కటీ సరిగ్గా రాయలేదు. అదే పాఠం మీద ప్రశ్నలు నోటితో అడిగితే అన్నిటికీ జవాబు చెప్పాడు, పుస్తకంలో లేని సంగతులు కూడా కలిపి.

తల్లిదండ్రులు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చూచిరాత బాగుండి ఉక్తలేఖనం కూలిపోతే, నోటితో చెప్పిన జవాబుకూ కాగితం మీద రాసిన జవాబుకూ పొంతన లేకపోతే, అది బద్ధకం కాదు. చూసి రాయడమంటే బొమ్మ గీయడం లాంటిదే, దానికి చదవడం రానక్కర్లేదు. ఒక పాఠం మొత్తం విని నోటికి పట్టగలిగిన పిల్లవాడు మొద్దబ్బాయి ఎలా అవుతాడు? ఆ అబ్బాయి ఒక్క పేజీ చదవలేకపోవడాన్ని దాచుకోవడానికి పడ్డ శ్రమలో సగం కూడా తరగతిలో ఫస్టు వచ్చే పిల్లలు పడి ఉండరు.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమో అనుకునేవాళ్లు ఉన్నారు. 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఇంగ్లండు దక్షిణ తీరాన సీఫర్డ్ అనే ఊళ్లో ఉండేవాడాయన. పర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి ఆ వ్యాసం. ఏడేళ్లప్పటి నుంచీ చదువు చెప్పిస్తున్నారు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. 749ని 867తో హెచ్చించమంటే చకచకా చేసి సరైన జవాబు ఇచ్చాడు. తన పేరు రాయమంటే మాత్రం అందులోని అక్షరాలు ముందువెనకలు చేసి రాశాడు. చదువంతా నోటితోనే చెప్పేటట్టయితే బడి మొత్తానికి వీడే తెలివైనవాడని అతని మాస్టారు అన్నట్టు మోర్గన్ రాశాడు. ఈ వ్యాసం వచ్చి దగ్గరదగ్గర నూట ముప్ఫై ఏళ్లు కావస్తోంది. ఆ మాస్టారికి అప్పుడు కనిపించింది ఇప్పటికీ మన బడుల్లో చాలామందికి కనిపించడం లేదంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? మాట్లాడటం పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పనక్కర్లేదు, నలుగురి మధ్య పెరిగితే చాలు. చదవడం అలా రాదు. మనుషులు రాయడం మొదలుపెట్టి అయిదువేల ఏళ్లే అయింది. చదవడానికంటూ పుట్టుకతో వచ్చే భాగమేదీ మెదడులో లేదు. చూపుకూ మాటకూ ఉన్న భాగాల మధ్య కొత్తగా దారి వేసుకోవాలి. ఆ పని ఎక్కువగా మెదడు ఎడమ వైపున జరుగుతుంది. డిస్‌లెక్సియా ఉన్నవారు చదువుతుండగా స్కాన్ తీసి చూస్తే, ఆ భాగాలు మిగతావారిలో పనిచేసినంతగా పనిచేయడం లేదని తెలిసింది. ఎక్కువమందిలో అసలు ఇబ్బంది కంటిది కాదు, మాటలో దాగిన ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో ఉంది. ‘పలక’లో ప తీసేస్తే ఏం మిగులుతుందని అడిగి చూడండి. ఒకటో తరగతి చివరికి చాలామంది ‘లక’ అని చెప్పేస్తారు. ఈ పిల్లలు తడబడతారు. ఇది తరచుగా కుటుంబాల్లో నడుస్తుంది. పిల్లవాడి గురించి మేము చెప్తూ ఉంటే పక్కనే కూర్చున్న తండ్రి తలవంచుకుని “నాకూ చిన్నప్పుడు ఇంతేనండీ, అందుకే ఏడుతో మానేశాను” అనడం మాకు కొత్త కాదు.

బడి వయసు పిల్లల్లో వందకు అయిదు నుంచి పదిహేను మందికి ఏదో ఒక రకమైన అభ్యసన వైకల్యం ఉంటుందని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రామాణిక గ్రంథం అంచనా. తక్కువ లెక్కే తీసుకున్నా, నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు. డిస్‌లెక్సియా ఒక్కటే కాదు. డిస్‌గ్రాఫియా ఉన్న పిల్లలకు జవాబు తెలిసినా చేత్తో రాయడం నరకం. డిస్‌కాల్క్యులియా అంకెలతో చిక్కు, నూట ఏడు రాయమంటే 1007 రాస్తారు, ఎనిమిదీ అయిదూ కూడాలంటే ఎనిమిదో తరగతిలోనూ వేళ్లు లెక్కపెడతారు. కుదురుగా కూర్చోలేని ఏడీహెచ్‌డీ కూడా వీటితో కలిసి రావచ్చు.

ఆడపిల్లల గురించి ఒక మాట విడిగా చెప్పాలి. శాలీ షేవిట్జ్ బృందం అమెరికాలోని కనెక్టికట్‌లో చేసిన పరిశోధన 1990లో వెలువడింది. పిల్లలందరినీ స్వయంగా పరీక్షిస్తే చదివే ఇబ్బంది మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. బడులు గుర్తించి పంపినవాళ్లలో మాత్రం మగపిల్లలే చాలా ఎక్కువ. చదవడం రాని మగపిల్లవాడు అల్లరి చేస్తాడు, అందరి కంట్లో పడతాడు. ఆడపిల్ల వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంటుంది. మన ఊళ్లల్లో అయితే “దానికి చదువు అబ్బలేదు” అని పది తప్పగానే పెళ్లి సంబంధం చూస్తారు. ఆ పిల్లకు అసలు ఏమైందో అడిగేవాళ్లే ఉండరు.

పిల్లవాడు వెనకబడ్డాడని తెలియగానే ఇంట్లో మొదట జరిగేది ట్యూషన్ పెట్టడం. బడిలో అర్థంకాని పద్ధతిలోనే సాయంత్రం ఇంకో రెండు గంటలు చెప్తారు. తర్వాత దెబ్బలు. ఆపైన జ్ఞాపకశక్తి టానిక్కులు. డిస్‌లెక్సియాకు మందు లేదు, దయచేసి సీసాల మీద డబ్బు పోయకండి. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాటివల్ల ఉపయోగం రుజువు కాలేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. చూపూ వినికిడీ మాత్రం ముందుగా పరీక్ష చేయించండి. అక్కడ లోపముంటే దానికి వైద్యం వేరు.

పనిచేసేది ఏమిటంటే, పద్ధతి మార్చి చదువు చెప్పడం. 1930ల్లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే నరాల వైద్యుడు, అన్నా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త కలిసి ఒక దారి వేశారు. అక్షరాన్ని కంటితో చూడాలి, పైకి పలకాలి, వేలితో దిద్దాలి, మూడూ ఒకేసారి జరగాలి. తేలికైనది గట్టిపడ్డాకే తర్వాతిదానికి వెళ్లాలి. మన వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతూ పైకి పలికేవారు కదా. పళ్లెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించడం ఇప్పటికీ ఉంది. అదొక్కరోజు వేడుకగా ముగించకుండా, ఈ పిల్లల చేత నెలల తరబడి చేయించండి. ‘శక్తి’ నేర్పాలంటే ముందు చప్పట్లు కొడుతూ శ, క్తి అని విడదీయించండి. తర్వాత ఆ క్తిలో ఎన్ని ధ్వనులున్నాయో చెప్పించండి. క్, త్, ఇ. అప్పుడు గుడి ఎక్కడ కూర్చుంటుందో, వత్తు ఎక్కడికి దిగుతుందో చేత్తో చూపించండి. ఒకే వత్తుతో వచ్చే మాటలు ఒక వారమంతా చెప్పండి. రోజుకు అరగంట చాలు, కానీ రోజూ జరగాలి. నలుగురి ముందు నిలబెట్టి పైకి చదివించడం మాత్రం మానేయండి. ఆ భయంతో ఉన్న రెండక్షరాలూ పోతాయి. చదివి నేర్చుకోవాల్సిన సైన్సూ సాంఘికశాస్త్రమూ ఈలోగా ఆగిపోకుండా, పాఠం ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి, జవాబులు నోటితో చెప్పించుకోండి.

ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఇక్కడ చాలామంది ఒక చోట పొరపాటు పడుతున్నారు. వైకల్య ధ్రువీకరణ పత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు కాబట్టి అప్పటిదాకా ఆగాలనుకుంటున్నారు. పత్రానికి ఆ వయసు నియమం ఉంది గానీ, పాఠం చెప్పడానికి లేదు. ఆరేళ్ల పిల్లకు ఇసుకలో దిద్దించడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. 1995 నాటి పాత చట్టంలో ఈ పిల్లల ప్రస్తావనే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో డిస్‌లెక్సియా లాంటివి చేరే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. బడులు ఈ పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించాలని ఆ చట్టం 16వ సెక్షన్ చెప్తోంది. అంటే ఇది ఉపాధ్యాయుల దయ మీద ఆధారపడిన విషయం కాదు. ఐక్యూ పరీక్షతో పాటు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షలు చేసి నిర్ధారిస్తారు. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీని కూడా సంప్రదించవచ్చు. దివ్యాంగుల గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుంటే ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా పత్రం, కార్డు వస్తాయి. వాటితో పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం దొరుకుతుంది, రాసిపెట్టే సహాయకుణ్ణి కూడా ఇస్తారు. సీబీఎస్ఈలో అయితే ఒక భాష నుంచి మినహాయింపు కూడా ఉంది. ఏ బోర్డయినా ప్రధానోపాధ్యాయుల ద్వారా ముందుగా అడగాలి, హాల్‌టికెట్లు వచ్చాక పరుగెత్తితే పని కాదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ వీరికీ వర్తిస్తుంది.

హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి రాదు. 2021 నీట్ పరీక్షలో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి అదనపు గంట ఇవ్వకుండానే జవాబు పత్రం లాగేసుకున్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆమెకు అన్యాయం జరిగిందని, దాన్ని ఎలా సరిదిద్దాలో పరీక్ష నిర్వహించిన సంస్థే తేల్చాలని కోర్టు ఆదేశించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంకో కేసులో, 40 శాతం వైకల్యం లేకపోయినా రాయడంలో నిజమైన ఇబ్బంది ఉన్నవారికి సహాయకుణ్ణి ఇవ్వాలని చెప్పింది.

పత్రం తీసుకుంటే వికలాంగుడన్న ముద్ర పడుతుందని, ముఖ్యంగా ఆడపిల్ల అయితే రేపు పెళ్లి ఎలా అని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ మొద్దు అనే ముద్ర ఆ పిల్ల మీద ఒకటో తరగతిలోనే పడింది, దాన్ని ఏ కార్డూ లేకుండానే ఊరంతా వేసింది. అలాగని డిస్‌లెక్సియా ఉంటే మేధావి అవుతాడని చెప్పి మిమ్మల్ని ఊరించను. 2009లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న కేరల్ గ్రైడర్‌కు డిస్‌లెక్సియా ఉంది, 2017లో రసాయనశాస్త్రంలో అందుకున్న జాక్ డుబోషేకూ ఉంది. మన పిల్లలు నోబెల్ తేనక్కర్లేదు. బస్సు బోర్డు, మందు సీసా, బ్యాంకు కాగితం ఎవరి సాయం లేకుండా చదువుకోగలగాలి, తమకు తెలిసింది పరీక్షలో చెప్పుకోగలగాలి.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇది. ఈ వారం మీ మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు వత్తులున్న పది మాటలు ఉక్తలేఖనం పెట్టండి. తర్వాత ఒక చిన్న పాఠం మీరే చదివి వినిపించి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి నోటితో ప్రశ్నలు అడగండి. నోటితో బాగా చెప్పి, కాగితం మీద తేలిపోయిన పిల్లల పేర్లు రాసుకోండి. ఆ పేర్లు మీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం ఉపాధ్యాయులకు ఇవ్వండి, పిల్లలను పరీక్షించడానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపించండి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపించండి. ఆ పిల్లల తల్లిదండ్రులను పిలిచి, మీ పిల్లవాడు బద్ధకస్తుడు కాదని మీ నోటితో మీరే చెప్పండి. ఆ మాట బయటివాళ్లు చెప్తే నమ్మరు, బడిలో మాస్టారు చెప్తే నమ్ముతారు.